గని పూడ్చినవాని బాకీ: ప్రభుత్వ రంగ గని సంస్థల డైరెక్టర్ల మండలులకు బహిరంగ లేఖ



బొగ్గు తీసిన గోతిని పూడ్చి, పైన సారవంతమైన మట్టి పరచి, మొక్కలు నాటి, మూడు వేసవులు వానికి నీరు పోయించిన యొక కాంట్రాక్టరునకు ఆర్బిట్రేటరు ఇప్పించిన సొమ్మును చెల్లింపక, ఆ తీర్పును న్యాయస్థానమున సవాలు చేయవలెనని మీలో నొకరి మండలి తీర్మానించినదని తెలిసి ఈ లేఖ వ్రాయుచున్నాను. ఆ సంస్థ పేరు గాని, ఆ కాంట్రాక్టరు పేరు గాని ఇచ్చట ఉదాహరింపను. వ్యవహారము న్యాయస్థానపు గడప నెక్కినది, అచ్చట నడువవలసిన వాదమును పత్రికలో నడపుట మర్యాద కాదు. నాకు సహింపరానిదిగా తోచినది ఆ తీర్మానము వెనుకనున్న మనోవృత్తి. అది ఆ ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు గనుక మీ యందఱికిని వ్రాయుచున్నాను. “కోర్టు ఇమ్మంటే అప్పుడు చూద్దాం” అను మాట మీ ఆర్థిక విభాగములలో ఎంత నిశ్చింతగా పలుకబడుచుండునో, బిల్లు చేతబట్టుకొని ఆ వరండాలలో నిలిచినవారందఱును ఎఱుగుదురు. అప్పు లేదని గాని, పని జరుగలేదని గాని ఆ మాటకు అర్థము కాదు. ఇచ్చు చేయి తమది కాకూడదను కోరిక మాత్రమే అందు కలదు.

మొదట ఈ ధనముయొక్క స్వభావమును మీకు జ్ఞాపకము చేయవలసియున్నది. 2009 ఆగస్టులో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ వెలువరించిన మార్గదర్శకముల ననుసరించి ప్రతి బొగ్గు గనికిని మూసివేత ప్రణాళిక యుండవలెను. ఓపెన్‌కాస్టు గని యైనచో హెక్టారునకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గని యైనచో 1 లక్ష రూపాయలు, నాటి ధరలలో లెక్కగట్టి, ఏటేట బొగ్గు నియంత్రణాధికారి అధీనమందలి ఎస్క్రో ఖాతాలో జమ చేయుచు పోవలెను. జరిగిన పునరుద్ధరణమును తనిఖీ చేయించి, జమచేసిన దానిలో 80 శాతము వఱకు ఐదేండ్ల కొకమారు సంస్థ వెనుకకు తీసికొనవచ్చునని ఆ మార్గదర్శకములలో నుండెను. మిగిలిన భాగము తుది మూసివేత సక్రమముగా ముగిసిన పిదపనే చేతికి వచ్చును. రేట్లు తరువాత పెరిగినవి, ముందుగా జమ చేయు పద్ధతి నిలిచియున్నది. అనగా త్రవ్వుటకు అనుమతి పుచ్చుకొన్ననాడే పూడ్చుటకగు వ్యయమును మీరు ఒప్పుకొంటిరి, దానిని విడిగా తీసి పెట్టితిరి. అట్టి ధనములోనుండి పూడ్చినవానికి కూలి ఇచ్చుట మీ లాభమును ఎవరో పెరికికొనిపోవుట యెట్లగును? ఒకే మట్టిగుట్టను గూర్చి, ‘పునరుద్ధరణము పూర్తియైనది’ అని యొక కాగితమున వ్రాసి నియంత్రణాధికారికి పంపి సొమ్ము వెనుకకు కోరుచు, ‘పని ఒప్పందము ప్రకారము జరుగలేదు’ అని వేఱొక కాగితమున కాంట్రాక్టరునకు వ్రాయుట ఏ న్యాయముతో పొసగును? ఈ రెండు కాగితములును వేర్వేఱు విభాగములనుండి వెలువడును గాన ఒకదాని ముఖము నొకటి చూడకపోవచ్చును; మండలి బల్లమీదనైనను వానిని ప్రక్కప్రక్కన పెట్టి చదివితిరా?

2020 జనవరి 8వ తేదీన సుప్రీంకోర్టు, త్రవ్వకము ముగిసిన నేలపై మరల గడ్డి మొలిపించి, పశుగ్రాసమునకును, వృక్షములకును, జంతువులకును యోగ్యమగునట్లు దానిని చక్కజేయవలెనను షరతును గనుల అనుమతులలో చేర్పుమని ప్రభుత్వము నాదేశించినది. ఆ బాధ్యత మీది. కాంట్రాక్టరు దానిని మీ పక్షమున నిర్వహించువాడు. కొత్తగూడెము, రామగుండము, మణుగూరు ప్రాంతములలో ఇండ్ల వెనుక కొండలవలె పెరిగిన మట్టిగుట్టలను చూచుచు బ్రదుకు ప్రజలకు మీ ఒప్పంద పత్రముతో పని లేదు. ఆ గుట్ట ఎప్పుడు పచ్చబడును, దాని బురద ఎప్పుడు తమ చెఱువులోనికి రాక మానును అనునదే వారికి కావలెను. మంగంపేటలో ముగ్గురాయి తీసిన చోటనైనను ఇదే ప్రశ్న.

ఇక ఈ బాకీలు వివాదములుగా మాఱు విధమును కొంచెము నిదానించి చెప్పవలెను. ఏలయన మీ మండలికి వచ్చు నోటులో అది సాధారణముగా ఒక్క వాక్యములో ముగియును: ‘కొలతలలో వ్యత్యాసము కలదు’. ఉద్యోగకాలమంతయు కొలతల పుస్తకముల నడుమ గడపినవాడను గాన ఆ వాక్యము వెనుక నుండు సంగతి నాకు తెలియును. బొగ్గుపైనుండు మట్టిరాళ్ళకు, మీరు ఓబీ యను దానికి, మూడు పరిమాణములు కలవు: నేలలో కదలక యున్నప్పటిది ఒకటి, త్రవ్వి టిప్పరులో పోసినప్పుడు ఉబ్బినది రెండవది, గోతిలో పోసిన పిదప వానకు తడిసి తన బరువునకు తానే అణగినది మూడవది. బిల్లు ఏ పరిమాణముపై చెల్లింపవలెనో ఒప్పందము స్పష్టముగా చెప్పవలెను. చెప్పినను, ఏ దినమున కొలువవలెనో చెప్పని ఒప్పందములు కలవు. పూరించిన వారమున ఇరుపక్షముల సర్వేయరులు కలిసి లెవెళ్ళు తీసి సంతకములు చేసిరనుకొందము. రెండు వానకాలములు గడచిన పిమ్మట వేఱొక బృందము యంత్రము తెచ్చి కొలిచి, పూడిక ఇంత కుంగినది గావున ఇంత మట్టి తక్కువ పోసినావని వ్రాసిన, అది కొలతయందలి వ్యత్యాసమా, కాలమందలి వ్యత్యాసమా? కళ్ళములో పచ్చిధాన్యము కొలిచి పుచ్చుకొన్న ఆసామి, గాదెలో ఎండిన పిదప మరల కొలిచి తరుగును రైతు నడుగునా?

పైమట్టి సంగతియు నిట్టిదే. త్రవ్వకమునకు ముందు దానిని విడిగా తీసి నిలువచేయుట గని నడపువారి విధి. ఆ నిలువ సరిగా లేనిచో కాంట్రాక్టరు దూరమునుండి తేవలసివచ్చును, అప్పుడు లీడు, అనగా మోయు దూరము, పెరుగును, డీజిలు పెరుగును, రేటు మాత్రము పాతదే నిలుచును. అంతిమ వాలు మొత్తముమీద 28 డిగ్రీలకు మించరాదని పర్యావరణ అనుమతులు సాధారణముగా విధించును; ఆ వాలు సాధింపవలెనన్న గుట్ట పాదము విశాలము కావలెను, పాదమునకు వలయు స్థలమును ఖాళీ చేసి అప్పగింపవలసినది మీరు. స్థల మప్పగింపక ఆలస్యము చేసి, పిదప గడువు మించినదని జుల్మానా విధించిన బిల్లులను నేను చూచియున్నాను. చుట్టుకాలువలు, నీటిని నిలిపి మట్టిని దింపు గుంటలు, చిన్న చిన్న రాతికట్టలు, వాలుపై గడ్డి, వీనిలో ఏ యొక్కటి ఒక్క వానకు ముందుగా పూర్తి కాకున్నను మిగిలిన పని కొట్టుకొనిపోవును; కొట్టుకొనిపోయినదానికి కారణ మెవరని వెదకునప్పుడు మీ గుమాస్తా తన కార్యాలయమునందలి అప్పగింత తేదీని చూడడు, కాంట్రాక్టరు పూర్తి తేదీని మాత్రము చూచును. మొక్కల లెక్క మఱింత చిత్రమైనది. బ్రతికిన మొక్కలకే సొమ్ము అను షరతు న్యాయమైనదే. అయితే కంచె వేయుట సంస్థ పనియై, ఆ కంచె పడక, పశువులు మేసిపోయినచో చచ్చిన మొక్కలు ఎవరి లెక్కలో చేరవలెను?

ఒప్పందములో లేని పనులు వేఱు. గుట్ట వాలు ఒకచోట జారి బురద ఊరివైపు దిగుచున్నదని అధికారి ఫోనులో చెప్పగా, యంత్రములు తెచ్చి, అడ్డుకట్ట వేసి, పల్లెను కాపాడిన కాంట్రాక్టరుతో ఏడాది గడచిన పిదప, ‘వ్రాతపూర్వకమైన ఉత్తరువు చూపుము’ అనుట మీ వారికి పరిపాటియైనది. ఆ కట్ట నేటికిని అచ్చటనే యున్నది, దాని ఫలమును మీరే యనుభవించుచున్నారు. ఉచితముగా చేయవలెనను ఉద్దేశము లేక ఒకడు న్యాయముగా చేసిన పనివలన లాభము పొందినవాడు దానికి ప్రతిఫల మీయవలెనని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 70వ సెక్షను చెప్పుచున్నది. 1944లో బంగాళ పౌర సరఫరాల శాఖ అధికారులు అధికారపూర్వకమైన ఒప్పందము లేకయే కట్టించుకొన్న గిడ్డంగుల సొమ్మును గూర్చి బి.కె. మండల్ అండ్ సన్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1961లోనే ఈ సూత్రమును ప్రభుత్వమునకు వర్తింపజేసినది. అఱువది యేండ్లు దాటినను అదే ప్రశ్నను మరల మొదటినుండి వాదింపజేయుటకు మీ న్యాయవాదులకు ఫీజు చెల్లించుట ప్రజాధన సంరక్షణమా?

ఒప్పుకొన్న సొమ్మును సైతము ఆపి, ‘నాకిక ఏ క్లెయిమును లేదు’ అని వ్రాసి ఇచ్చినచో తుది బిల్లు పాసు చేయుదుమను పద్ధతిని గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. బ్యాంకు వడ్డీ మెడపై నుండగా చేసిన అట్టి సంతకము బలవంతము వలన చేసినదని తేలిన, అది ఆర్బిట్రేషనునకు అడ్డుగాదని సుప్రీంకోర్టు 2008లో బోఘరా పాలీఫాబ్ వ్యాజ్యమున నిర్ణయించినది. తెలిసి తెలిసి ఆ కాగితమును అడుగుట దేనికి?

కాంట్రాక్టరులందఱును ధర్మరాజులని నేను చెప్పబోను. వేఱొక గనిలో నడుచుచున్న యంత్రమును ఇచ్చట ఖాళీగా నిలిచినదని చూపి అద్దె అడుగువారు కలరు. రాని లాభమునకు సూత్రములు వేసి సంఖ్యలు పెంచువారు కలరు. అట్టివానిని కొట్టివేయుటకే ఆర్బిట్రేటరు కూర్చుండెను. నేను చెప్పుచున్న వ్యవహారమునను క్లెయిములో కొంత భాగము త్రోసివేయబడినది. త్రోసివేసిన భాగమును మీ వారు కన్నుల కద్దుకొనిరి. ఇమ్మన్న భాగము మాత్రము వారికి చట్టవిరుద్ధముగా తోచినది. 1996 నాటి ఆర్బిట్రేషను చట్టము 34వ సెక్షను క్రింద సాక్ష్యమును మరల తూచుటకు న్యాయస్థానమునకు అధికారము లేదు. పబ్లిక్ పాలసీకి విరుద్ధము, తీర్పు ముఖముననే కనబడు చట్టదోషము వంటి కొలది కారణములకే అవకాశము కలదు. మట్టి ఎన్ని ఘనపుమీటర్లను విషయము అందులో ఎచ్చట ఇమిడెనో మండలి తీర్మానమున కారణము వ్రాసితిరా? న్యాయవాది అభిప్రాయము ఒక్క వాక్యమున ‘అప్పీలు చేయదగును’ అని యున్నచో, ఎందుకని ప్రశ్నించిన డైరెక్టరు ఒక్కరైనను కలరా?

కాలము గడచుట లాభమని మీ రనుకొనుచున్నచో ఆ లెక్కయు తప్పే. తీర్పు వేఱుగా చెప్పనిచో, తీర్పునాటి ప్రచలిత వడ్డీకంటె 2 శాతము అధికముగా చెల్లింపు దినము వఱకు వడ్డీ నడచునని అదే చట్టము 31వ సెక్షను చెప్పును. ఒక కోటి రూపాయలపై 10 శాతము చొప్పున వేసికొనుడు: ఐదేండ్లలో ఏబది లక్షలు. తీర్పునకు ముందటి వడ్డీ అసలులో కలిసిన మొత్తముపై కూడ పిదపటి వడ్డీ నడచునని 2014లో హైడర్ కన్సల్టింగు వ్యాజ్యమున తేలినది. 2015 సవరణ తరువాత, సవాలు చేసినంతమాత్రమున తీర్పు అమలు ఆగిపోదు. ఆ సవరణను వెనుకకు తిప్పజూచిన 87వ సెక్షనును 2019 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఈ యేబది లక్షలకు పచ్చని గుట్ట యొక్కటైనను పెరుగునా? ఆ సొమ్ము ఏ యధికారి జీతమునుండి పట్టుకొందురు?

మీ యధికారుల భయమును నేనెఱుగక పోలేదు. చెల్లించినవానికి ఆడిటు ప్రశ్నలు, విజిలెన్సు ప్రశ్నలు. చెల్లింపక కోర్టునకు పంపినవానికి పదోన్నతికి అడ్డు లేదు. కాని ఆ భయమునకు రక్షణ మీరు కల్పింపవలసినది, మీకు పై నుండి కల్పింపబడినది కూడ. ప్రజాహితము లేక ఇతరునకు ధనలాభము కలిగించెనను నిర్వచనముతో, దురుద్దేశము లేని అధికారిని సైతము నేరస్థునిగా నిలువబెట్టగల అవినీతి నిరోధక చట్టములోని నిబంధన 2018లో తొలగింపబడినది. ఆర్బిట్రేషను తీర్పును సవాలు చేసినను, అందలి సొమ్ములో 75 శాతము బ్యాంకు గ్యారంటీపై కాంట్రాక్టరునకు చెల్లింపవలెనని 2016 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘము నిర్ణయించినది. 2021 అక్టోబరులో కేంద్ర వ్యయశాఖ దానిని ఆర్థిక నిబంధనలలో చేర్చుటయే గాక, రన్నింగు బిల్లులో 75 శాతము పది పనిదినములలో, తక్కినది తనిఖీ పిమ్మట 28 పనిదినములలో చెల్లింపవలెననియు, అప్పీళ్ళు అలవాటుగా వేయరాదనియు, గెలుపునకు గట్టి అవకాశము గల యథార్థమైన వ్యవహారములలోనే వేయవలెననియు ఉత్తరువు చేసినది. రాష్ట్ర ప్రభుత్వముల అధీనమున నున్న సంస్థలు ఇవి మాకు నేరుగా వర్తింపవనవచ్చును. వర్తింపకున్నను అనుసరింపరాదని నిషేధించినవా రెవరు?

2024 జూన్ 3వ తేదీన వ్యయశాఖయే మఱియొక పత్రము వెలువరించి, పెద్ద ఒప్పందములలో ఆర్బిట్రేషను షరతును అలవాటుగా చేర్పవద్దనియు, దానిని 10 కోట్ల రూపాయలకు లోబడిన వివాదములకు పరిమితము చేయుట మేలనియు సూచించినది. మీలో పలువురు దీనిని పండుగవలె స్వీకరించిరని వినుచున్నాను. ఆర్బిట్రేషను వ్యయప్రయాసములు నాకును తెలియును; అందలి దోషములను ఆ పత్రము పేర్కొనుట అన్యాయమని నేననను. అయితే ఆ తలుపు మూసిన పిదప కాంట్రాక్టరు పోవలసినది సివిలు న్యాయస్థానమునకు. అచ్చట మట్టి కొలతల వ్యాజ్యము తేలునప్పటికి ఆ మట్టిపై చెట్లు అడవి కావలెను, లేక పూర్తిగా ఎండవలెను. ఆ పత్రములోనే తరువాతి పేరాలలో మీడియేషనును ప్రోత్సహింపుడని, ఉన్నత స్థాయి కమిటీలచే రాజీ ప్రతిపాదనలను పరీక్షింపజేసికొనుడని కూడ నున్నది. ఆర్బిట్రేషను షరతును కొట్టివేయుటకు మీకు ఒక్క మాసము పట్టినది; ఆ కమిటీని నియమించుట కెంతకాలము పట్టును? 2023 నాటి మీడియేషను చట్టము 120 దినముల గడువు, అవసరమైనచో మఱి 60 దినములు ఇచ్చుచున్నది. అచ్చట కుదిరిన ఒడంబడికకు కోర్టు డిక్రీకి గల బలమును ఆ చట్టము నిర్దేశించినది. ఆర్బిట్రేటరులను ప్రభుత్వ సంస్థ ఏకపక్షముగా ఏర్పఱచుట సమానత్వమునకు విరుద్ధమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనము నిర్ణయించిన పిదప, మా మనిషి కూర్చుండనిచో మాకు ఆర్బిట్రేషనే వద్దనుట మీ విషయమున ఎట్టి యభిప్రాయమును కలిగించునో ఆలోచించితిరా?

ప్రజల పక్షమునుండి చూచిన మీ ఆలస్యము ఖరీదు మఱియొక చోట కనబడును. బిల్లు రాని కాంట్రాక్టరు మొదట టిప్పరుల కిస్తీ ఆపును, పిదప నీళ్ళ ట్యాంకరు ఆపును, ఆ పిదప గుట్టమీద మొక్కలకు కుండలతో నీరు మోయు స్త్రీల కూలి ఆపును. వారిలో పెక్కురు ఆ గనికే భూములు పోగొట్టుకొన్న యిండ్లవారు. కాంట్రాక్టరు కూలి ఈయనిచో ప్రధాన యజమానియే ఈయవలెనని, 2025 వఱకు అమలునందుండిన 1970 నాటి కాంట్రాక్టు లేబరు చట్టము 21వ సెక్షను చెప్పినది; ఆ చట్టభాగమును మీ టెండరులలో అచ్చువేయుచు వచ్చితిరి. తదుపరి టెండరునకు వచ్చువాడు ఈ కథను విని, మీరు ఇచ్చుటకు పట్టు కాలమునకు వడ్డీని కూడ రేటులో కలిపి కోట్ చేయును. పనితనము గల చిన్నవాడు దూరముగా నిలుచును, కోర్టు ఖర్చులు మోయగల పెద్దవాడు మిగులును. గని మూసివేత మీ సాంకేతిక శాఖ నేర్పుపై ఎంత ఆధారపడియున్నదో, మీ ఆర్థిక శాఖ సత్యసంధతపైనను అంతయే ఆధారపడియున్నది.

కావున మిమ్ము కోరునది ఇది. రాబోవు మండలి సమావేశమున పునరుద్ధరణ పనులకు సంబంధించి ఆగియున్న బిల్లుల పట్టికను, ఒక్కొక్కదాని ప్రక్కన ఆపినవారి హోదాతోను, ఆపిన కారణముతోను, ఎస్క్రో ఖాతానుండి అదే పనికి కోరిన మొత్తముతోను, మీ యెదుట పెట్టించుకొనుడు. వివాదము లేని భాగమును ఏ త్యాగపత్రమును అడుగక చెల్లింపుడు. తీర్పు వచ్చినవానిలో 75 శాతమును గ్యారంటీపై విడుదల చేయుడు. మిగిలినదానిపై న్యాయస్థానమునకు పోవలెనన్న ఏ సెక్షను క్రింద, ఏ కారణమున పోవుచున్నారో డైరెక్టరుల సంతకములతో వ్రాసిపెట్టుడు. కొలతల వివాదములన్నిటిని, నాటి ఉమ్మడి లెవెళ్ళ పుస్తకములతో సహా, మీడియేషనునకు పంపి, కుదిరిన రాజీని కారణములతో ప్రకటింపుడు. ప్రకటించిన రాజీని ఆడిటు తప్పుపట్టినచో సమాధానము చెప్పవలసినది మండలియే గాని క్రింది ఇంజనీరు కాదని వ్రాతపూర్వకముగా హామీ యిండు. నేను మొదట చెప్పిన వ్యవహారమున, విడుదల చేయు మొదటి సొమ్ములోనుండి నీళ్ళు మోసిన కూలీల బకాయిలు ముందుగా తీర్పవలెనని షరతు పెట్టుడు. దానికి ఆ కాంట్రాక్టరు అభ్యంతరము చెప్పడు.

ఇట్లు,
ప్రజాపనుల శాఖ నుండి విరమించిన యొక ఇంజనీరు